రంది కొలిచిన పిల్ల

మొన్న ఉధనాలో పావు కిలో ఖమణ్, అదే ఆవిరి మీద ఉడికించిన శనగపిండి ముక్కలు, కొన్నాను. బండివాడు పైన నాలుగు పచ్చిమిరపకాయలు వేసి కాగితంలో చుట్టి ఇచ్చాడు. రోడ్డు పక్కన నిలబడి విప్పి, ఒక ముక్క నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాను. కాగితం మీద తెలుగు ఉంది. సూరత్‌లో పొట్లం మీద గుజరాతీ ఉంటుంది, హిందీ ఉంటుంది, ఇంగ్లీషూ ఉంటుంది. యాభై ఏళ్లలో తెలుగు పొట్లం నా చేతికి రావడం ఇదే మొదలు. అంతకన్నా వింత ఏమిటంటే ఆ వాక్యం నేను రాసింది.

"ఒక పని చేసిన తర్వాత, అది వేరేగా చేసి ఉంటే ఏమయ్యేదో అని మళ్లీ మళ్లీ అనుకుంటాను."

ఎదురుగా నాలుగు గళ్లు. ఎప్పుడూ లేదు. అప్పుడప్పుడు. చాలాసార్లు. ఎడతెగకుండా. అన్నీ ఖాళీ. మూడో గడిలో మాత్రం ఒక ఆవగింజ అంటుకుని ఉంది.

"ఎక్కడిదీ కాగితం?" అని బండివాడిని హిందీలో గద్దించాను.

"కాకా, పస్తీ ఛే, పస్తీ," అన్నాడు వాడు నవ్వుతూ. చిత్తు కాగితమట. తినడానికే గానీ చదవడానికి కాదట.

నాకు ఒళ్లు మండింది. చిన్నప్పుడు మా ఊళ్లో రెండేళ్లు బడికి పోయి మానేసినవాణ్ని. ఆ తర్వాత బెల్లం పొట్లాలూ చింతపండు పొట్లాలూ విప్పి చదువు నేర్చుకున్నవాణ్ని. పొట్లం చదవడానికి కాదని నాకు చెప్తాడా? నూనె అంటకుండా కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. ఖమణ్ ఏమైందో గుర్తులేదు. దారి పొడుగునా ఆ వాక్యం నా చేత రాయించిన పిల్లే కళ్ల ముందు ఉంది.

ఆమె పేరు రాయను. పేరు అడక్కపోవడం, రాయకపోవడం ఆమె నాకు నేర్పిన మర్యాద.

కరోనా రెండోసారి వచ్చి ఊరిని ఊడ్చేసి పోయిన తర్వాతి వానాకాలం. డిండోలిలో నా ఒంటిగది ఖోలీ ముందు స్కూటీ ఆగింది. ఒకదాని మీద ఒకటి రెండు మాస్కులు కట్టుకున్న పిల్ల దిగి, గడప దగ్గర చెప్పులు విడిచి, వాటి ముక్కులు బయటివైపుకు తిరిగేలా సర్దిపెట్టింది. కూర్చోమంటే కూర్చోలేదు. మూడోసారి అంటే గానీ కూర్చునేది కాదు, ఎప్పుడొచ్చినా అంతే. చెప్పుల సంగతి తర్వాత ఒకసారి అడిగాను.

"పొమ్మన్నంక తిప్పి ఏసుకునుడు ఆలిస్యం అయితది కద తాతా. గిట్లయితే జల్ది పోవచ్చు."

ఎన్ని గడపల దగ్గర పొమ్మనిపించుకుంటే ఆ అలవాటు వస్తుందో ఆలోచించండి.

రెండు గల్లీల అవతల మగ్గం నడిపేవాడి కూతురు. వాళ్లదీ మా కరీంనగర్ వైపే. ఆ గల్లీల నుంచి యూనివర్సిటీ దాకా పోయిన మొదటి ఆడపిల్ల. మనస్తత్వశాస్త్రం చదువుతోంది.

"తెలుగు మంచిగ రాస్తవని మా బాపు చెప్పిండు తాతా."

"ఏం రాయాలె?"

"రాసుడు తర్వాత. ముందుగాల కొలిసుడున్నది."

"ఏం కొలుస్తవ్?"

"ఆలోచన."

నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. పదిహేనేళ్లు మగ్గం నడిపి, పాతికేళ్లు గుడ్డ తనిఖీ చేసినవాణ్ని నేను. తాకా అంటే మగ్గం మీంచి దిగిన ఒక నిడివి గుడ్డ. దాన్ని ట్యూబులైటు బల్ల మీద లాగుతూ, పోగు తెగినచోటా నూనె మరక పడినచోటా మైనపు పెన్సిల్‌తో గుర్తు పెట్టడం నా పని. కొలత అంటే ఏమిటో నాకు తెలుసు. సర్టిఫికెట్ లేదని నన్ను సూపర్వైజర్ని చెయ్యకుండా, నా దగ్గర పని నేర్చినవాళ్లను నా నెత్తిన కూర్చోబెట్టినప్పుడు కూడా నా కొలత తప్పని ఒక్కరూ అనలేకపోయారు. అటువంటివాణ్ని పట్టుకుని ఆలోచనను కొలుస్తానంటుందా?

"గజంబద్ద తెచ్చినవా?" అన్నాను.

ఆమె చున్నీ కింద కుడిచేతి బొటనవేలు మిగతా వేళ్ల కణుపుల మీద ఒక్కొక్కటిగా నడుస్తోంది. నేనే ఉండబట్టలేక, "సరే చెప్పు, వింటున్న," అన్నాను.

అది ఆమె పనితనం. ప్రశ్న వేశాకగానీ, ఎవరైనా ఎత్తిపొడిచాకగానీ ఐదు కణుపులు లెక్కపెట్టుకునేది. వాళ్ల సారు నేర్పాడట.

"ఊకె మనం మూడు కాకముందుకే నోరు తెరుస్తం తాతా. అవుతలోల్ల అసలు మాట నాలుగు తర్వాతనే వస్తది."

ఆమె చెప్పింది ఇది. యూనివర్సిటీ పిల్లలు అయిపోయిన సంగతిని పట్టుకుని ఎంతగా తిప్పి తిప్పి ఆలోచిస్తారో కొలవాలి. ఆ తిప్పడానికీ, మనసు కుంగిపోయి మంచం దిగబుద్ధి కాని జబ్బుకూ ఎంత చుట్టరికం ఉందో చూడాలి. అందుకు వాక్యాలు రాసి, ఎదురుగా గళ్లు పెట్టి, పిల్లల చేత టిక్కు పెట్టించాలి. ఇంగ్లీషులో, గుజరాతీలో సారు చేయించాడు. తెలుగు అక్కర్లేదన్నాడు. ఈమె పట్టుబట్టింది.

"మనోల్ల పోరగాండ్లు పరీక్ష గుజరాతీల రాస్తరు, దోస్తులతోని హిందీ మాట్లాడుతరు. రంది మాత్రం తెలుగులనే పడుతరు తాతా."

రంది అంటే మా వైపు మనసును తొలిచే దిగులు. ఆ మాటకు పడిపోయాను. వెంటనే కళ్లజోడు తెచ్చుకున్నాను.

వారం రోజులు నా ఖోలీలో ఆ వాక్యాలు తయారయ్యాయి. నేను మొదట రాసిందంతా పుస్తకాల తెలుగు. 'గతాన్ని గూర్చిన పునశ్చింతన' అని రాశాను. ఆమె చదివి కణుపులు లెక్కపెట్టింది. నేనే కొట్టేశాను. పక్క ఖోలీ కోడలు మా గడపలో కూర్చుని చీరలకు రాళ్లు అంటిస్తూ వింటుండేది. ఆమె మీద ప్రతి వాక్యాన్నీ పరీక్షించేవాళ్లం. "ఒంటరిగా కూర్చుని నా తప్పుల గురించి ఆలోచిస్తాను," అని ఈ పిల్ల చదివింది.

"ఒంటరిగ యాడ కూసుంటరు బిడ్డా?" అంది ఆ కోడలు, చీర మీంచి తల ఎత్తకుండానే. "ఒక్క ఖోలీల ఆరుగురం ఉంటిమి. లాక్‌డౌన్ల సండాసు కాడ గూడ లైనే. మీ సారును వచ్చి ఒంటరిగ కూసుండి సూపమను."

పిల్ల కళ్లు మెరిశాయి. ఇటువంటి దెబ్బ తగిలితే ఆమెకు పండగ. వెంటనే నోటుబుక్కు తీసి రాసుకుంది. ఆ వాక్యం "అందరిలో కూర్చుని ఉన్నా నా తప్పులే తలచుకుంటూ ఉంటాను" అయింది. ఆ కోడలికి టీ ఇచ్చింది. తాను మాత్రం గోడ వైపు తిరిగి, మాస్కు దించుకుని తాగింది. చాలా రోజులు ఆ పిల్ల అంటే నాకు రెండు కళ్లు, ఒక నుదురు, అంతే.

కొలత మీద తగువు మాత్రం ఆగలేదు. గుడ్డలో లోపం కంటికి కనిపిస్తుంది, ఆలోచన కనిపిస్తుందా అన్నాను. గుడ్డలో అన్ని లోపాలూ కనిపిస్తాయా అని ఆమె అడిగింది. లేదని ఒప్పుకున్నాను. కొన్నిటికి వెనక్కి తిప్పి వేళ్లతో తడమాలి. మాటల్లో మరో సంగతి కూడా చెప్పాను. లోపం అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే నూలుదో మనిషిదో తప్పు. అదే లోపం సరిగ్గా అంతంత దూరానికే మళ్లీ మళ్లీ వస్తుంటే నూలును తిట్టి లాభం లేదు. మగ్గంలో తిరిగే రోలరు మీద ఎక్కడో గాటు పడింది. అది తిరిగినప్పుడల్లా గుడ్డ మీద అచ్చు వేస్తుంది.

"మల్ల చెప్పు తాతా. తిరిగినప్పుడల్లనా?"

"తిరిగినప్పుడల్లా."

"మరి గాటు యాడున్నదో ఎట్ల దొరుకపడుతరు?"

"అచ్చుకూ అచ్చుకూ మధ్య దూరం కొలుస్తం. ఆ దూరాన్నిబట్టి ఏ రోలరో తెలుస్తది."

"అంటే కొలుస్తరన్నట్టు," అంది. కళ్లతోనే నవ్వింది.

కాగితాలు అచ్చయి వచ్చాయి. నూలు కండెలు వచ్చే అట్టపెట్టెకు పైన చీలిక పెట్టి నా గడపలో ఉంచింది. యూనివర్సిటీకి పోయే మన పిల్లలు కాగితం ఇంటికి పట్టుకుపోయి, నింపి, మడిచి అందులో వేయాలి. పేరు రాయక్కర్లేదు. ఏం చదువుతున్నారో రాస్తే చాలు. పేరు అడగనని వాళ్ల సారుకు మాటిచ్చి సంతకం పెట్టింది.

"నువ్వొక కాయితం నింపు తాతా, ఎంతసేపు పడుతదో సూద్దాం," అని నాకు కూడా ఒకటి ఇచ్చిపోయింది.

మధ్యాహ్నం పూట నింపాను. ఊరికే సరదాకని మొదలుపెట్టినవాణ్ని మూడో వాక్యం దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఒత్తి పట్టుకున్నాను. మొదటి నుంచి చివరిదాకా నాలుగో గడే. 'నేను లేకపోయినా ఎవరికీ ఏమీ తేడా ఉండదనిపిస్తుంది' అన్న ఆఖరి వాక్యానికి కూడా. నింపాక చించేయాల్సింది. కానీ మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. బల్ల మీదికి వచ్చిన గుడ్డ ఎంత చెడ్డదైనా మిగతా తాకాలతో పాటు పోవాల్సిందే. పక్కన పెట్టుకున్నవాడు దొంగ. పాతికేళ్లు అలా బతికిన చెయ్యి నాది. మడిచి పెట్టెలో వేసేసింది. ఎంతసేపు పట్టిందని ఆమె అడిగితే పావుగంట అన్నాను. కాగితం ఏదని ఆమె అడగలేదు.

పదిరోజులకు పెట్టె విప్పింది. నేల మీద కాగితాలు పరిచి చాలాసేపు చూసింది. దాదాపు అన్నిటిలోనూ టిక్కులు మొదటి గడిలోనే, పై నుంచి కింది దాకా మగ్గం మీద పడుగులా నిలువుగా దిగాయి. ఎప్పుడూ లేదు. ఎప్పుడూ లేదు.

"డిండోలిల అందరు గింత సంబురంగ ఉన్నరా తాతా?"

ఎందుకలా ఉన్నాయో నాకు తెలుసు. చెప్పలేదు.

అప్పుడు ఆ ఒక్క కాగితం బయటపడింది. ఆమె దాన్ని వెనక్కి తిప్పి వేళ్లతో తడిమింది, నేను నేర్పినట్టే.

"ఎంత ఒత్తి పెట్టిండ్రో సూడు. ఎనుకకు గుచ్చుకున్నది. చదువేందో గూడ రాయలే, బయపడ్డట్టున్నరు." ఆ కాగితాన్ని మిగతావాటికి దూరంగా పెట్టింది. "పేరు అడగనని సంతకం పెట్టిన. ఇప్పుడు ఎవలని దేవులాడాలె? వాల్లకు ఏమన్న అయితే?"

నాది అని ఆ క్షణంలో అనాలి. ఊళ్లో అందరికీ కోపంగా బుద్ధులు చెప్పే ముసలివాణ్ని, మనవరాలి వయసు పిల్ల ముందు ఎలా అనగలను? ఆమె ఐదు కణుపులు లెక్కపెట్టి ఉంటే బయటపడేదేమో. ఆమెకు అంత వ్యవధి లేదు. చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

ఇంటింటికీ తిరిగింది. పేరు అడక్కుండా, కాగితం చూపించకుండా, ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, "ఒక కాయితం నన్ను నిద్రపోనిస్తలేదు. అది నీదయితే నాతోని మాట్లాడు. నీది కాకుంటే మరిచిపో," అని చెప్పి నిలబడేదట. సారుకు తెలిస్తే మొత్తం చదువే పోతుందని వాళ్ల బాపు నా దగ్గరికి వచ్చి మొత్తుకున్నాడు. "నువ్వన్న చెప్పు కాకా, నీ మాట వింటది." మూడు రోజులు నేను ఏ మాటా చెప్పలేదు. స్కూటీ చప్పుడు వినిపిస్తే తలుపు దగ్గరగా వేసుకున్నాను.

నాలుగోనాడు వానలో తడిసి వచ్చింది. చెప్పులు ఒకటి అటు, ఒకటి ఇటు పడి ఉన్నాయి. కూర్చోమనకముందే కూర్చుంది.

"ఆ కాయితం ఎవలదో తెలిసింది తాతా."

"ఎవలది?" అన్నాను.

"ముగ్గురిది."

"ముగ్గురిదేంది? ఒక్కటే గదా కాయితం?"

"గదే నా పరేశాన్. ఒకడు మిద్దె మీద నీళ్ల టాంకీ ఎనుకకు తీసుకపోయి 'అది నాదే దీదీ' అన్నడు. ఇంకో పిల్ల దారిపొంటి నడుసుకుంటనే చెప్పింది. మూడోవాడు ఏం అనలే, ఏడ్సిండు. ముగ్గురు తమదే అంటున్నరు. మరి వాల్ల కాయితాలల్ల అన్నీ 'ఎప్పుడూ లేదు' అని ఎట్లుంటయ్? ఎందుకట్ల పెట్టినవ్‌రా అని ఆ మిద్దె మీది పిలగాన్ని అడిగిన. ఏమన్నడో ఎరికేనా? 'ఫారం మీద ఏది అడిగినా లేదు అని పెట్టాలె దీదీ, లేకుంటే లైన్లకెల్లి తీసేస్తరు' అన్నడు. వాని పక్కకు వాల్ల బాపు గూడ కూసున్నడట, చెయ్యి పట్టి పెట్టిచ్చినట్టు."

నేను లేచి కిటికీ దగ్గరకు వెళ్లాను. నాకు వీపు వెనక తెలుస్తూనే ఉంది, ఆ బొటనవేలు కణుపుల మీద నడుస్తోందని.

"వాల్లకు అట్ల నేర్పింది నేనే," అన్నాను. "ఆ కాయితం గూడ నాదే."

మొదటి లాక్‌డౌన్‌లో ఊళ్లకు రైళ్లు వేశారు. ఎక్కాలంటే ఫారం నింపాలి. జ్వరముందా, దగ్గుందా అని గళ్లు. చదువురాని మనవాళ్లందరికీ నేనే నింపాను. మొదట నింపింది నా జోడీదారుకు. ముప్పై ఏళ్లు పక్క పక్క మగ్గాల మీద, తర్వాత ఒకే బల్ల మీద పనిచేసినవాడు. రెండు రోజులుగా పొడిదగ్గు. లోపం కనిపిస్తే గుర్తు పెట్టే చెయ్యి కదా, దగ్గు దగ్గర 'ఉంది' అని పెట్టాను. వాణ్ని వరుసలోంచి తీసి వెనక్కి పంపేశారు. మూటతో తిరిగి వస్తూ నా వైపు చూసి, "ఏం గాదు తీ, ఎల్లుండి పోత," అన్నాడు. పన్నెండో రోజు ఆసుపత్రిలో పోయాడు. ఆ తర్వాత ఎవరి ఫారం నింపినా అన్నిటికీ లేదు అని పెట్టాను. ఎవరి ఇంటికి పోయినా అదే చెప్పాను. ఏది అడిగినా లేదనండి. రైలెక్కితే వాడు పోయేవాడు కాదేమో. రైల్లోనే పోయేవాడేమో. ఆ గడిలో వేరేగా పెట్టి ఉంటే, పెట్టి ఉంటే, పెట్టి ఉంటే.

ఇదంతా చెప్పడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. తిరిగి చూస్తే ఆమె రెండు మాస్కులూ కిందికి లాగేసి నా ఎదురుగా కూర్చుని ఉంది. ఆ మొహం అప్పుడే చూశాను. ముందు పళ్ల మధ్య చిన్న సందు. ఇంకా చిన్నపిల్ల.

"నాలుగు దినాలు నన్ను గల్లీ గల్లీ తిప్పినవ్ తాతా," అంది.

"తిప్పిన."

"చెప్పకపోతివి."

"సిగ్గయింది బిడ్డా."

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కన్నీళ్లూ పెట్టలేదు. నోటుబుక్కు మూసి పక్కన పెట్టి, "నీ జోడీదారు టీల ఎన్ని చెంచాల చక్కెర ఏసుకునేటోడు?" అని అడిగింది. నాలుగు అన్నాను. వాడి గురించి ఏడాదిన్నరలో ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. చీకటి పడే దాకా చెప్పాను. రంది పోయిందని అబద్ధం రాయను. రోలరు మీద గాటు మాటలతో మానదు. ఆ రోజు మాత్రం అది ఏ రోలరో నాకు తెలిసింది.

మర్నాడు ఆమె తనంతట తానే సారు దగ్గరకు వెళ్లి జరిగిందంతా చెప్పింది. గట్టి చివాట్లే తిన్నది. ఇంటింటికీ తిరిగినందుకు చదువు ఆపేస్తానన్నవాడు, చివరికి అన్నీ రద్దు చేసి మొదటినుంచి మళ్లీ చేయమన్నాడు. ఈసారి మిద్దె మీద ఒక్కొక్కరినే కూర్చోబెట్టి చేసింది. తండ్రులందరినీ కింద ఆపి, పేపరు చదివి వినిపిస్తూ కదలకుండా చూడటం నా ఉద్యోగం.

"ఇది రైలు కాయితం కాదయ్యా," అని ఒక్కొక్కరికీ చెప్పాను. "మీ పోరగాండ్లను ఎవరూ లైన్లకెల్లి తీసెయ్యరు. నేను తప్పు నేర్పిన. మరిచిపోండ్రి."

ఈసారి నాలుగు గళ్లలోనూ టిక్కులు పడ్డాయి. ఆ ముగ్గురిని ఆమె వదల్లేదు. ఒకడిని వాళ్లమ్మతో సహా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లింది. మిగతా ఇద్దరూ ఆదివారాలు నా ఖోలీకి వచ్చి ఆమెతో మాట్లాడేవాళ్లు. నన్ను బయటికి పంపేసేది. నా ఖోలీలోంచి నన్నే!

"మరి నా కాయితం?" అని ఒకసారి అడిగాను.

"తీసేసిన తాతా. నువ్వు యూనివర్సిటీల చదువుతలేవు కద."

"సర్టిఫికెట్ లేదని రందిల గూడ తీసేస్తరా నన్ను?" అని మండిపడ్డాను. నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. ఆ కొలతలన్నీ రాసిన పుస్తకం బైండు చేయించాక తెచ్చి చూపించింది. ఇంగ్లీషులో ఒక పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక వరస ఉంది. విద్యార్థిది కానందున ఒక కాగితాన్ని లెక్కలోంచి తొలగించాం, లోపం ఎక్కడుందో ఆ కాగితమే చూపింది, అని దాని అర్థమట. అచ్చులో నా గురించి ఉన్నది ఆ ఒక్క వరసే.

తర్వాత ఆమెకు బార్డోలీ అవతల ఏదో కాలేజీలో పిల్లలతో మాట్లాడే ఉద్యోగం దొరికింది. కొన్నాళ్లు బస్సులో వచ్చి పోయేది. తర్వాత వాళ్ల బాపు మగ్గం వదిలి ఊరికి పోయాడు, ఇల్లు ఖాళీ అయింది, ఫోను నంబరు మారింది. నేనూ వెతకలేదు. మిగిలిపోయిన కాగితాలు ఇల్లు ఖాళీ చేసినప్పుడే పస్తీవాడికి పోయి ఉంటాయి.

నిన్న మళ్లీ ఖమణ్ బండి దగ్గరకు పోయాను. అటువంటి కాగితాలు ఇంకా ఉంటే ఇమ్మని అడుగుదామనుకున్నాను. లేవన్నాడు. సరే, పోదామని తిరిగినవాణ్ని ఆగాను. మొన్న వాడి మీద అరిచాను కదా.

"ఎలా ఉన్నావు?" అని హిందీలో అడిగాను.

"మజామా, కాకా," అన్నాడు. ఈ ఊళ్లో ఎవరిని అడిగినా మొదటి గడి అదే. బాగున్నాను.

నేను కదల్లేదు. పంచె మడత కింద బొటనవేలు పెట్టి లెక్కపెట్టాను. ఒకటి. రెండు. వాడు ఖమణ్ మీద తడిగుడ్డ సర్దాడు. మూడు. ఇంకేం కావాలన్నట్టు చూశాడు. నాలుగో కణుపు దగ్గర కత్తి పళ్లెంలో పెట్టి, చేతులు తుడుచుకుని, నా కోసం స్టూలు ముందుకు జరిపాడు.